అంట్లు తోమే యంత్రం కొనేముందు బంతులు లెక్కపెట్టండి

ఉమ్మడి వంటశాలల కమిటీలు చూసుకోవలసిన సంగతులు

వండేవారు దొరుకుతారు. వడ్డించడానికి కుర్రకారు ఉత్సాహంగా ముందుకొస్తారు. తిన్న కంచాలు తోమడానికే మనుషులు దొరకరు. గుడి అన్నదానం కానీండి, సత్రం కానీండి, హాస్టలు, వృద్ధాశ్రమం కానీండి, పదిమందికి అన్నం పెట్టే ప్రతి చోటా ఇదే తంటా. ఉన్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లే తెల్లవారిన దగ్గర్నుంచీ కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని కంచాలు, గ్లాసులు, గరిటెలు, గుండిగలు తోముతూ ఉంటారు. పొద్దస్తమానం నీళ్లలో నాని వాళ్ల వేళ్ల సందులు ఒరుస్తాయి. సబ్బుపొడికి చేతులు పగులుతాయి. నడుములు పట్టేస్తాయి. వాళ్లలో ఒకరు రాకపోతే ఆ పూట భోజనమే వెనకబడుతుంది.

ఒకప్పుడు ఈ బాధ లేదు. అడ్డాకు విస్తరో, మోదుగాకు విస్తరో, అరిటాకో వేసేవారు. తిన్నాక ఎత్తి దిబ్బలో వేస్తే సరిపోయేది. తరువాత ప్లాస్టిక్ వచ్చింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. రోజూ ఆకులు కొనాలంటే ఖర్చు. అందుకని స్టీలు కంచాలు కొన్నవారున్నారు. కంచాలు కొన్నాక వాటిని కడిగే సంగతి వచ్చింది. ఏ కమిటీ సమావేశంలోనైనా ఎవరో ఒకరు లేచి, 'పట్నంలో హోటళ్లకు గిన్నెలు కడిగే మిషన్లున్నాయట, మనమూ ఒకటి తెద్దాం' అంటారు. దాత కూడా దొరుకుతాడు.

చిక్కంతా అక్కడినుంచే. దాత ఇచ్చింది ఒక్కసారి ఇచ్చే డబ్బు. తప్పు యంత్రం కొంటే దాన్ని మార్చుకోవడానికి రెండో దాత రాడు. అది మూలన పడుతుంది. ఆడవాళ్లు మళ్లీ కుళాయి దగ్గరే కూర్చుంటారు. కాబట్టి ధర అడగడానికి ముందే చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

ఇంటి యంత్రం వేరు, వంటశాల యంత్రం వేరు

గిన్నెలు కడిగే యంత్రం అసలు పుట్టిందే పెద్ద వంటశాలల్లో స్థిరపడటానికన్నట్టు సాగింది. అమెరికాలో జోసఫిన్ కొక్రేన్ అనే ఆవిడ తను తయారుచేసిన యంత్రానికి 1886లో పేటెంటు పొందింది. 1893లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దాన్ని చూపింది. మొదట కొన్నవి ఎక్కువగా హోటళ్లూ పెద్ద భోజనశాలలే. ఇళ్లలోకి అది చాలాకాలానికి గాని రాలేదు.

ఇప్పుడు దుకాణాల్లో ముందుగా కనిపించేది ఇంట్లో వాడే యంత్రం. వేలల్లో వస్తుంది గనుక కమిటీల కన్ను దానిమీదే పడుతుంది. 'పద్నాలుగు మంది గిన్నెలు పడతాయి' అని అమ్మేవాళ్లు చెబుతారు. అది నిజమే అనుకుందాం. ఒక పూట 300 మంది తినే వంటశాలలో దాన్ని 22 సార్లు నింపాలి. ఇలాంటి యంత్రం జిడ్డు బాగా వదలాలంటే ఒక్కో విడతకు రెండు గంటలకు పైనే తీసుకుంటుంది. తొందర పద్ధతిలో గంటే అనుకున్నా మొత్తం 22 గంటలు. మధ్యాహ్నం తిన్న కంచాలు మర్నాడు పొద్దుటికి కడగడం పూర్తవుతుంది! పైగా ఇంటి వాడకానికని ఇచ్చిన గ్యారంటీ సత్రంలో పెడితే చెల్లకపోవచ్చు. ఆ కాగితం చదివి మరీ కొనాలి.

పెద్ద వంటశాలల కోసం చేసినవి మూడు రకాలు. ఒకటి బల్ల కింద ఇమిడే చిన్న యంత్రం. ముందు తలుపు తీసి ట్రే పెట్టాలి. రెండోది నిలబడి వాడే యంత్రం. పైన డబ్బాలాంటి మూత ఉంటుంది. ట్రేను పక్కనుంచి తోసి మూత దించితే కడుగుతుంది, మూత ఎత్తి రెండో పక్కకు లాగేయవచ్చు. వంగే పని లేదు. మూడోది బెల్టుమీద కంచాలు నడిచిపోయే భారీ యంత్రం. వేలమంది తినే చోట్లకే అది. రెండో రకం ధర లక్షల్లో ఉంటుంది. ఒక్కో ట్రే కడగడానికి దానికి ఒకటి రెండు నిమిషాలు చాలు.

బంతి లెక్క

ఎంత యంత్రం కావాలో తేల్చేది ఊరి జనాభా కాదు, బంతి. ఒక బంతికి ఎంతమంది కూర్చుంటారు, రెండు బంతుల మధ్య వ్యవధి ఎంత అన్నదే చూడాలి.

ఉదాహరణకు మూడు బంతుల్లో వందేసి మంది చొప్పున 300 మంది తింటారనుకుందాం. యంత్రం ట్రే సాధారణంగా 50 సెంటీమీటర్ల చదరం. చిన్న పళ్లేలైతే ట్రేకు 18 దాకా నిలబెట్టవచ్చు. మన అరల కంచాలు వెడల్పు గనుక 12 అనుకోవడం మేలు. అంటే వంద కంచాలకు 9 ట్రేలు. గ్లాసులు ట్రేకు 25 చొప్పున 4 ట్రేలు. మొత్తం 13. ట్రే నింపడం, కడగడం, తీయడం కలిపి మూడు నిమిషాలు వేసుకుంటే ఒక బంతికి 39 నిమిషాలు. మూడు బంతులకూ సుమారు రెండు గంటలు.

బంతి అరగంటలో లేస్తే, కడగడానికి 39 నిమిషాలు పడితే, మొదటి బంతి కంచాలు రెండో బంతికి అందవు. ఇక్కడే కమిటీలు ఇంకా పెద్ద యంత్రానికి ఎగబడతాయి. అక్కరలేదు. వంద కంచాలకు బదులు రెండు వందల కంచాలు, రెండు వందల గ్లాసులు ఉంచుకుంటే చాలు. రెండో బంతి తినే లోపల మొదటి బంతివి చాలావరకు సిద్ధమై మూడో బంతికి వస్తాయి. పెద్ద యంత్రానికయ్యే అదనపు ఖర్చు ముందు వంద కంచాల ఖర్చు ఏపాటిది?

మరో సంగతి. రోజూ భోజనాలు పెట్టే చోటే యంత్రానికి న్యాయం జరుగుతుంది. శనివారం ఒక్కరోజే జనం వచ్చే మాలకొండ వంటి చోట్ల, కార్తీకమాసంలోనో తిరునాళ్లలోనో మాత్రమే పొయ్యి వెలిగే చోట్ల వారమంతా, ఏడాదంతా యంత్రం ఖాళీగా ఉంటుంది. అక్కడ ఆకు విస్తరే ఇప్పటికీ మంచిది. రోజూ నడిచే సత్రం కూడా పండగనాటి రద్దీని చూసి యంత్రం కొనకూడదు. మామూలు రోజుకు సరిపోయే యంత్రం కొని, పండగనాడు విస్తళ్లు వేసుకుంటే సరి.

యాభైమందికి మించని చోట యంత్రం మాట మరచిపోవచ్చు. నడుం ఎత్తున మూడు తొట్లు కట్టించాలి. మొదటి దానిలో సబ్బునీళ్లు, రెండో దానిలో మంచినీళ్లు, మూడో దానిలో 77 డిగ్రీలకు తగ్గని వేడినీళ్లు. ఆ మూడో తొట్టిలో కంచాలను జల్లెడబుట్టతో అరనిమిషం ముంచి తీస్తే క్రిములు చస్తాయి. ఈ పద్ధతి పేరుపడిన హోటళ్లలోనూ ఉంది.

నీళ్లు ఎలాంటివి?

యంత్రానికి అసలు శత్రువు జిడ్డు కాదు, బోరు నీళ్లు. కనిగిరి, మార్కాపురం వైపు మెట్ట గ్రామాల్లో నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పొర కట్టడం ఇల్లాళ్లందరికీ తెలిసిందే. ఆ పొరే యంత్రం లోపలి హీటరుకూ పడుతుంది. నీళ్లు చిమ్మే సన్నని రంధ్రాలు పూడిపోతాయి. హీటరు మాడిపోతుంది. కంచాలమీద తెల్లటి మచ్చలు మిగులుతాయి. అప్పుడు 'యంత్రం మంచిది కాదు' అంటారు. తప్పు నీళ్లది.

తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే నీరు దొరకని చోట 600 దాకా ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించింది. తాగడానికి ఒప్పుకున్న నీళ్లు యంత్రానికి పనికిరావాలని లేదు. 200 దాటిన నీళ్లకు మెత్తబరిచే పరికరం తప్పనిసరి అనుకోవాలి. దాన్నే సాఫ్ట్‌నర్ అంటారు. దానికి ఎప్పటికప్పుడు ఉప్పు పోయాలి. ఆ ఉప్పు ఖర్చు, పోసే మనిషి ఎవరన్నది ముందే రాసుకోవాలి. ఉప్పు పోయడం మరచిన సాఫ్ట్‌నర్ ఉన్నా లేనట్టే.

గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలల్లో నీళ్లు పరీక్ష చేయించుకోవచ్చు. 'మొత్తం కాఠిన్యం ఎంత?' అని అడగాలి. కొందరు జేబులో పెట్టుకు తిరిగే పెన్నులాంటి టీడీఎస్ మీటరు చూపి అంతా చెప్పేస్తారు. అది నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనాగా చెబుతుందే గాని కాఠిన్యాన్ని వేరుచేసి చెప్పదు.

నీళ్ల ఒత్తిడి సంగతీ ఉంది. పది మీటర్ల ఎత్తు ట్యాంకునుంచి వచ్చే నీటికి ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. సత్రం మేడమీది ట్యాంకు నాలుగైదు మీటర్ల ఎత్తే గనుక అరకిలో కూడా రాకపోవచ్చు. చాలా యంత్రాలకు రెండు కిలోల దాకా కావాలి. లోపల పంపు ఉన్న యంత్రమైనా తీసుకోవాలి, లేదా బయట చిన్న పంపు పెట్టుకోవాలి.

వాడే నీళ్లు మాత్రం తక్కువే. యంత్రం మొదట తొట్టి నింపుకోవడానికి సుమారు 40 లీటర్లు, ఆ తరువాత ట్రేకు మూడు లీటర్ల చొప్పున తీసుకుంటుందనుకుంటే, 39 ట్రేలకు మొత్తం 160 లీటర్ల లోపే. చేత్తో కడిగితే ఎన్ని డ్రమ్ములు ఖర్చవుతున్నాయో రెండు మూడు రోజులు లెక్కపెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. వేసవిలో ట్యాంకరు తెప్పించుకునే ఊళ్లకు ఇది చిన్న మేలు కాదు.

కరెంటు

యంత్రం కంచాన్ని 55 నుంచి 65 డిగ్రీల వేడి మందునీళ్లతో కడిగి, చివర 82 డిగ్రీలు దాటిన నీళ్లతో తొలుస్తుంది. మనిషి చెయ్యి భరించలేని వేడి అది. అందుకే క్రిములు నశిస్తాయి. బయటికి వచ్చిన కంచం ఆ వేడికే కాసేపట్లో ఆరిపోతుంది. గుడ్డపెట్టి తుడవక్కరలేదు. కడిగిన కంచానికి మళ్లీ మురికి అంటించేది చాలాచోట్ల ఆ తుడుపుగుడ్డే.

అంత వేడి కావాలంటే కరెంటు కావాలి. నిలబడి వాడే యంత్రానికి 8 నుంచి 12 కిలోవాట్ల లోడు ఉండవచ్చు. దానికి త్రీఫేజు కావాలి. వ్యవసాయ మోటారు లైనునుంచి తీసుకుంటామంటే కుదరదు, అది నేరం కూడా. కరెంటు ఆఫీసుకు వెళ్లి ఏ కేటగిరీ, ఎంత లోడు, ఎంత డిపాజిట్టు అన్నది కనుక్కుని, ఆ మొత్తాన్ని యంత్రం ధరలో కలిపి లెక్క వేయాలి. 10 కిలోవాట్ల యంత్రం వేడెక్కడానికి అరగంట, కడగడానికి రెండు గంటలు ఆపకుండా లాగినా 25 యూనిట్లు దాటదు. హీటరు మధ్యమధ్య ఆగుతుంది గనుక అసలు ఖర్చు అంతకన్నా తక్కువే.

ఊళ్లలో లోవోల్టేజి ఉంటే ఇంకో బాధ. 230 ఉండాల్సిన వోల్టేజి 180కి పడితే హీటరు శక్తి దాదాపు నలభై శాతం తగ్గిపోతుంది. నీళ్లు వేడెక్కవు, ట్రే ఆలస్యమవుతుంది. వారంరోజులపాటు భోజనాల వేళ వోల్టేజి ఎంత వస్తోందో ఎలక్ట్రీషియన్ చేత రాయించుకోవడం మంచిది. తడినేల మీద వాడే యంత్రం కాబట్టి మంచి ఎర్తింగు, కరెంటు బయటికి పాకగానే లైను ఆపేసే స్విచ్చి లేకుండా బిగించనివ్వకూడదు. మేడమీద సోలార్ హీటరు ఉంటే ఆ వేడినీళ్లు తీసుకునే యంత్రమా కాదా అని కూడా అడగాలి. తీసుకునేదైతే కరెంటు కలిసివస్తుంది.

గుండిగలు దానిలో పట్టవు

అమ్మేవారు చెప్పని సంగతి ఇది. యంత్రం కంచాలు, గ్లాసులు, గరిటెలు, చిన్న గిన్నెలు కడుగుతుంది. అన్నం వార్చే గుండిగ, పప్పు కలిపే డేగిసా దానిలో పట్టవు. వాటి కోసం విడిగా పెద్ద యంత్రాలున్నాయి గాని ఊరి వంటశాలకు అవి తలకు మించిన భారం. కనుక యంత్రం వచ్చాకా చేత్తో తోమే పని మిగిలే ఉంటుంది. దాతల సొమ్ములో కొంత తీసి, గుండిగలు నేలమీద కాక ఎత్తుగా పెట్టి తోముకునే గట్టు, దానిపైన వేడినీటి కుళాయి, పొడుగు పిడి బ్రష్షులు, జారని గచ్చు, నీరు నిలవని వాలు ఏర్పాటు చేయాలి. నడుము నొప్పి తగ్గించేది యంత్రం కన్నా ఈ గట్టే.

అల్యూమినియం పాత్రలు ఉన్న వంటశాలలు మరింత జాగ్రత్తపడాలి. యంత్రంలో వాడే మందు చాలా ఘాటైన క్షారం. అల్యూమినియం నల్లబడిపోతుంది, తినేస్తుంది. కళాయి పెట్టిన ఇత్తడి, రాగి, కొయ్య గరిటెలు కూడా పనికిరావు. స్టీలుకు భయం లేదు. అలాగని మందు ఖరీదు చూసి మామూలు సబ్బుపొడి వేస్తే నురగ పొంగి పంపు పాడవుతుంది. మందు నెలకు ఎంత ఖర్చవుతుందో కాగితంమీద రాయించుకోవాలి. ఆ డబ్బాను పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. చేతికి తొడుగు లేకుండా ముట్టకూడదు.

ఎంగిలి మెతుకులతో కంచాలను తిన్నగా యంత్రంలోకి తోయకూడదు. మెతుకులు ఒక బుట్టలోకి దులిపి, నీళ్లు చిమ్మి, తరువాత ట్రేలో నిలబెట్టాలి. ఎండి అంటుకుపోయిన మెతుకు, పులుసు అట్ట వేడినీళ్లకు కూడా తేలిగ్గా వదలవు. అందుకని బంతి లేవగానే కంచాలను నీళ్ల తొట్టిలో వేసే అలవాటు చేయాలి. మెతుకులు గొడ్లకు వెళ్తాయి. జిడ్డునీళ్లు మాత్రం రోడ్డుమీదికి వదలకుండా జిడ్డు తేలి నిలిచే చిన్న గుంత కట్టించి, అక్కడినుంచి ఇంకుడుగుంతకు పంపాలి.

ఎంగిలి కంచంతోనే పరీక్ష

యంత్రం కొనడానికి వెళ్లే కమిటీ ఖాళీ చేతులతో వెళ్లకూడదు. తమ సత్రంలో వాడే కంచాలు ఒక డజను, గ్లాసులు ఒక డజను పట్టుకెళ్లాలి. సాంబారన్నం, పప్పు, పెరుగు పూసి గంటసేపు ఎండనిచ్చి, దుకాణంలోనే కడిగి చూపించమనాలి. ట్రేలో కంచాలు ఎన్ని నిలబడ్డాయో, ఎన్ని నిమిషాలు పట్టిందో, అంచుల మడతల్లో జిడ్డు మిగిలిందో లేదో అక్కడే తేలుతుంది. కంచం అరల మూలల్లో వేలుపెట్టి చూడాలి. కాగితంమీది 'గంటకు వెయ్యి కంచాలు' అన్న మాటకు విలువ ఇవ్వనక్కరలేదు.

తరువాత మరమ్మతు. చెడిపోయిన రోజున మెకానిక్ ఎక్కడినుంచి రావాలి? ఒంగోలునుంచా, విజయవాడనుంచా, హైదరాబాదునుంచా? ఎన్నిరోజుల్లో వస్తాడు? విడిభాగాలు ఎవరి దగ్గర ఉంటాయి? గ్యారంటీ తీరాక ఏడాదికి ఎంత కట్టాలి? రెండు కంపెనీల యంత్రాల్లో ఒకటి ముప్ఫై వేలు తక్కువైనా, దాని మెకానిక్ పదిరోజులకు గాని రాకపోతే అది చవక కాదు. అదే యంత్రం వాడుతున్న హోటలుకో హాస్టలుకో వెళ్లి, యజమానిని కాదు, యంత్రం దగ్గర నిలబడే మనిషిని అడిగితే నిజం తెలుస్తుంది.

తోమేవాళ్ల మాట

ఇన్ని లెక్కల్లో కమిటీలు ఎక్కువగా మరిచేది ఒకటుంది. అంట్లు తోమే ఆడవాళ్లను ఎవరూ పిలవరు. యంత్రం వస్తోందని తెలియగానే వాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. 'ముగ్గురికి బదులు ఒకరు చాలు' అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ మాట వినపడ్డాక వాళ్లు యంత్రాన్ని తమదిగా చూసుకుంటారనుకోవడం అత్యాశ.

లెక్క చూసినా ఆ మాట నిలవదు. మెతుకులు దులిపి ట్రే నింపడానికి ఒకరు, కడిగిన వేడి కంచాలు తీసి సర్దడానికి ఒకరు, గుండిగల గట్టు దగ్గర ఒకరు కావలసిందే. ఎంగిలి ముట్టిన చేతులతో కడిగిన కంచాలు తీయకూడదు కనుక మొదటి ఇద్దరి పనీ ఒకరితో కాదు. యంత్రం మిగిల్చేది మనుషులను కాదు, వాళ్ల మధ్యాహ్నాలను. సాయంత్రం నాలుగింటిదాకా సాగే పని రెండున్నరకు అయిపోతే అదే లాభం. ఆ మిగిలిన వేళకు కూలి కోయబోమని కమిటీ ముందే తీర్మానం రాయాలి.

దుకాణానికి వెళ్లేటప్పుడు వాళ్లలో ఇద్దరినైనా వెంట తీసుకెళ్లాలి. మూత ఎత్తడానికి ఎంత బరువుందో, బల్ల తమ ఎత్తుకు సరిపోతుందో లేదో, మీటల మీది గుర్తులు చదువురాని వాళ్లకు తెలుస్తున్నాయో లేదో వాళ్లు చెప్పాలి. నేర్పేటప్పుడు మేనేజరుకు కాదు, వాళ్లకే నేర్పించాలి. ఒక్కరికే కాదు, ముగ్గురికీ నేర్పాలి. రాత్రి పూట వడపోత జాలీ తీసి కడగడం, తొట్టి ఖాళీ చేయడం, మూత తెరచి ఆరబెట్టడం వాళ్ల చేతిమీదే జరగాలి. యంత్రం పదేళ్లు నడిచేదీ పదినెలల్లో మూలపడేదీ ఆ రాత్రి పనిమీదే ఆధారపడి ఉంటుంది.

కొనుగోలు తీర్మానంలో అధ్యక్షుడు, కోశాధికారి, దాత సంతకాలు ఎలాగూ ఉంటాయి. వాటి కింద తోమేవాళ్ల సంతకాలో వేలిముద్రలో కూడా పడేదాకా డబ్బు కట్టకపోవడమే కమిటీకి క్షేమం.